బదులు మొక్క బాధ్యత ఎవరిది?

ఇంటికి మరో గది కావాలి. స్కూటరు నిలపడానికి చోటు కావాలి. ఇలాంటి అవసరాలు వచ్చినప్పుడల్లా ముందుగా గొడ్డలి పడేది పెరట్లోని వేపచెట్టు మీదనే. ఆ రోజు ఇంటి పెద్దలు "దీనికి బదులు ఇంకొకటి నాటుదాంలే" అంటారు. ఆ మాట ఎన్ని ఇళ్లలో నెరవేరుతున్నదో మనలో ప్రతి ఒక్కరూ గుండెమీద చెయ్యి వేసుకుని ఆలోచించాలి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును పెంచినవారు అలాంటి రోజు వస్తుందని ఊహించి ఉండరు. చెట్టు మేలు ఎవరికి, ఎప్పుడు అందుతుందో మనం లెక్క కట్టలేం.

అందుకే కొట్టేముందు ఒకసారి ఆగాలి. 2021లో తెలంగాణలో వేపచెట్లకు తెగులు సోకి కొమ్మలు ఎండిపోయాయి. చచ్చిపోయిందని తలచిన చెట్లెన్నో తర్వాత మళ్లీ చిగిర్చాయి. ఇక కొట్టక తప్పదనుకుంటే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలి.

బదులు మొక్కను తొలకరి వానలు పడ్డాక నాటడం మేలు. పాత మొద్దును, దాని వేళ్లను తప్పించి కొంచెం ఎడంగా రెండడుగుల గొయ్యి తీయాలి. మట్టిలో మాగిన పశువుల ఎరువు కలపాలి. ప్లాస్టిక్ సంచిని జాగ్రత్తగా కోసి తీసేయాలి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద చెదరకూడదు. మొదలు నేలమట్టానికి ఉండాలి, లోతుగా పూడ్చితే కుళ్లుతుంది. స్థలం చిన్నదైతే వేపకు బదులు దానిమ్మ, జామ, కరివేపాకు చాలు. అన్నిటికంటే ముఖ్యం, మొదలు చుట్టూ కనీసం రెండు మూడడుగుల నేలను సిమెంటు చేయకుండా వదలాలి. ఊపిరాడని నేలలో ఏ మొక్కా బతకదు.

నాటడం ఒక పూట పని. కాపాడటం మూడు వేసవుల పని. వానాకాలంలో నాటిన మొక్క మార్చి, ఏప్రిల్ ఎండలకు మాడిపోతే మనం నాటింది మొక్క కాదు, ఒట్టి మాట. వేసవిలో వారానికి రెండుమూడుసార్లు ఒక బకెట్ నీళ్లు పోసి, పాదులో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. గాలికి ఒరగకుండా ఒక కర్ర పాతి వదులుగా కట్టాలి.

నీళ్లు ఎక్కడివి అంటారా? మన ఇళ్లలో రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం. సబ్బు కలవని ఆ నీళ్లు మురికికాల్వలోకి పోతున్నాయి. ఒక తొట్టిలో పట్టి పాదుకు పోస్తే ఎద్దడి రోజుల్లోనూ మొక్క బతుకుతుంది. పైగా ఎన్ని నీళ్లు వృథా చేస్తున్నామో మన కళ్లకే తెలిసివస్తుంది.

"అద్దె ఇల్లు, రేపు ఖాళీ చేస్తాం, మాకెందుకు?" అనేవారూ ఉన్నారు. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని తరఫున దానంగా లెక్కకు వస్తుందని దైవప్రవక్త (స) తెలిపారు. అందులో సొంత ఇల్లు, అద్దె ఇల్లు అన్న భేదం లేదు. తినేవాడు మన బంధువే కావాలన్న షరతూ లేదు.

కనుక ఇంట్లో ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. పదేళ్ల పిల్లవాడైనా, నమాజుకు లేచే నానీమా అయినా సరే. కొట్టిన చెట్టు మన మీద ఉన్న బాకీ. మొక్క నాటిన రోజున ఆ బాకీ తీరదు. అది మూడో వేసవి దాటి తన నీడను తాను పరచుకున్న రోజున తీరుతుంది.