ముందు అడుగుదాం, తర్వాత తోద్దాం



బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మీకు మేము చెప్పనక్కర్లేదు. మంచాలు విప్పుతారు, పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళ్తాయి, టీసీ కోసం నాన్న ఆఫీసు గది ముందు నిలబడతారు. కొత్త ఊళ్లో రెండు మూడు వారాలు బిక్కుబిక్కుమంటూ గడిపి, నాలుగో వారానికి కుదురుకుంటాం. మేమూ అలా ఊళ్లు మారుతూ వచ్చినవాళ్లమే. కానీ చక్రాల కుర్చీలో బడికి వచ్చే విద్యార్థికి ఆ నాలుగో వారం అంత తేలిగ్గా రాదని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా పాత పోస్టింగుల్లో ఒకచోట ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి కొత్తగా చేరాడు. వీల్‌చైర్‌లో వచ్చేవాడు. సాయం చేయడానికి మేమంతా పోటీపడేవాళ్లం. తరగతి గది గడప దగ్గర ప్రతిసారీ ముందు చక్రాలు తగిలి కుర్చీ టక్కున ఆగేది. అబ్బాయి ముందుకు తూలేవాడు. "అయ్యో, సారీ నాన్నా" అంటూ ఇంకాస్త గట్టిగా తోసేవాళ్లం. నెల గడిచాక పక్క బెంచీ అమ్మాయి అడిగింది: "ఎలా తోస్తే నీకు బాగుంటుంది?"

"వెనక పిడులు కిందికి నొక్కి, ముందు చక్రాలు కాస్త పైకి లేపి దాటించు" అన్నాడు. అలా చేస్తే కుదుపే లేదు. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా" అన్నాం. "ఇది నాకు నాలుగో స్కూలు మేడమ్. ప్రతిచోటా మొదటినుంచి చెప్పాలంటే విసుగొస్తోంది" అన్నాడు. మాకు సిగ్గేసింది. నెల రోజులు తోశాం గానీ ఒక్కసారీ అడగలేదు.

ఆ కుర్చీ గురించి తర్వాత అతని దగ్గరే నేర్చుకున్నాం. ముందు చక్రాలు చిన్నవి కాబట్టి చిన్న పగులులోనైనా ఇరుక్కుంటాయి. వెనక చక్రాలు పెద్దవి, మిట్టపల్లాల మీద తేలిగ్గా దొర్లుతాయి. అందుకే మెట్టు దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలను ముందు దించాలి. గాలి టైర్లయితే వారం వారం గాలి చూసుకోవాలి. గాలి తగ్గితే తోయడం కష్టం, పైగా టైరును నొక్కి పట్టే బ్రేకు సరిగ్గా పట్టదు.

మీ యూనిఫాం ప్యాంటు ఏటా పొట్టి అవుతుంది కదా? కుర్చీ కూడా అంతే. కాళ్లు పెరుగుతాయి, పాదాలు పెట్టుకునే పలక మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. అప్పుడు మోకాళ్లు పైకి లేచి, బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. కూర్చునే గుడ్డ సాగిపోతే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. ఒకే భంగిమలో గంటల తరబడి కూర్చుంటే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. కాళ్లలో స్పర్శ లేనివారికి ఆ నొప్పి కూడా తెలియదు. మంచి దిండు, మధ్యమధ్యలో బరువు అటూ ఇటూ మార్చుకోవడం వారికి చాలా అవసరం. పాఠం మధ్యలో అలా కదిలితే "సరిగ్గా కూర్చో" అని మేము గద్దించకూడదు.

ఇక దారి సంగతి. ర్యాంపు ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే మొత్తం ఎత్తు 18 అంగుళాలు, అంటే ర్యాంపు 18 అడుగులు. చాలాచోట్ల స్థలం లేదని ఆరేడు అడుగుల్లో ముగించేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. టేపు పట్టుకుని మన బడి ర్యాంపును మీరే కొలిచి చూడండి. ప్రభుత్వ సాయంతో నడిచే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నీ భవనాన్ని, ఆవరణను అందరికీ అందుబాటులో ఉంచాలని వికలాంగుల హక్కుల చట్టం, 2016 చెబుతోంది. కాబట్టి ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

"ఒక్కరి కోసం ఇంత ఖర్చా?" అని కొందరు అంటారు. ఆటల్లో కాలు విరిగిన పిల్లవాడు, వార్షికోత్సవానికి వచ్చే తాతయ్య, ల్యాబు సామాను తెచ్చే తోపుడుబండి, అందరూ ఎక్కేది ఆ ర్యాంపే. "అడిగితే నొచ్చుకుంటారేమో" అని ఇంకొందరు అంటారు. మా అనుభవంలో అడిగినందుకు ఎవరూ నొచ్చుకోలేదు. అడగకుండా వెనకనుంచి పట్టి తోసినప్పుడే నొచ్చుకున్నారు. ఆ కుర్చీ వారికి కాళ్లలాంటిది. మన చేయి పట్టుకుని ఎవరైనా చెప్పకుండా లాక్కెళితే మనకెలా ఉంటుంది?

ఆ అబ్బాయి నాన్నగారికి ఏడాదిన్నరకే మళ్లీ బదిలీ అయింది. వెళ్లేముందు ఆ అమ్మాయి అతన్నే అడిగి ఒక కాగితం మీద అన్నీ రాసింది: గడప ఎలా దాటించాలి, పాదాల పలక ఎంత ఎత్తులో ఉండాలి, ఎప్పుడు సాయం కావాలి, ఎప్పుడు వద్దు. అతను దాన్ని టీసీ కవరులోనే పెట్టుకున్నాడు.

మా అభిప్రాయం ఇంతే. అలాంటి కాగితం ఒకటి, విద్యార్థి ఇష్టపడితే, అతని మాటల్లోనే రాసి టీసీతో పాటు ప్రతి కొత్త బడికీ వెళ్లాలి. కొత్త బడి మొదటి రోజే దాన్ని చదవాలి. కాగితం లేకుండా ఎవరైనా మన తరగతికి వస్తే మీరే అడగండి. కొత్తచోట మొదటి రోజు ఎలా ఉంటుందో మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?