గర్భస్థ శిశువు, ఓటు, మనస్సాక్షి

అబార్షన్ తప్పా ఒప్పా అన్న విషయంలో కతోలిక శ్రీసభకు సందిగ్ధం లేదు. తొలి క్రైస్తవుల నాటి ‘దిదకే’ నుంచి 1995లో పోపు రెండో జాన్ పాల్ రాసిన ‘ఎవాంజెలియుమ్ వీతే’ దాకా బోధ ఒక్కటే: కడుపులోని బిడ్డను కావాలని చంపడం ఏ కారణం చెప్పినా ధర్మం కాదు. తల్లిని బతికించే చికిత్సలో, ఎవరూ కోరుకోకుండానే బిడ్డ చనిపోతే దాన్ని ఈ లెక్కలో వేయరు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతోనే. మరి ఓటెవరికి వేయాలి?

అమెరికా కతోలికులకు ఈ ప్రశ్న ప్రతి ఎన్నికల్లోనూ ఎదురవుతుంది. ఆ దేశంలోని పెద్దల్లో దాదాపు ఐదోవంతు వాళ్లే. డెమొక్రాట్లు అబార్షన్ హక్కును కాపాడతామంటారు. రిపబ్లికన్లు దాన్ని కట్టడి చేయాలంటూనే మరణశిక్షను సమర్థిస్తారు, పత్రాలు లేని వలసదారులను మూకుమ్మడిగా పంపించేస్తామంటారు. శ్రీసభ బోధ మొత్తాన్ని తలకెత్తుకునే పార్టీ ఏదీ లేదు. అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగు కతోలికులకూ, అక్కడి విచారణల్లో సేవ చేస్తున్న మన తెలుగు గురువులకూ ఈ ఇరకాటం తప్పదు.

అబార్షన్ ఒక్కటి చూసి ఓటేయాలనేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. బతికే హక్కే లేకపోతే మిగతా హక్కులెందుకని వాళ్లడుగుతారు. పన్నులెంత ఉండాలి, బీమా ఎవరికివ్వాలి అన్నవాటిలో మంచివాళ్లే రెండు రకాలుగా ఆలోచించవచ్చు. నిరపరాధి ప్రాణం తీయవచ్చా అన్నదానిలో ఆ వెసులుబాటు లేదు. పైగా అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు తర్వాత అక్కడ ఏటా లక్షల్లో అబార్షన్లు జరిగాయి. 2019లో బిషప్పుల సమాఖ్య ఓటర్లకిచ్చే మార్గదర్శికి జతచేసిన లేఖలో ఈ అంశానికే అగ్రస్థానమిచ్చింది. బాల్టిమోర్ సమావేశంలో శాన్ డియెగో బిషప్ రాబర్ట్ మెక్‌ఎల్రాయ్ ఆ మాటకు అభ్యంతరం చెప్పారు. పుట్టబోయే బిడ్డను గట్టిగా కాపాడాలంటూనే, పుట్టిన పేదల ప్రాణాలూ అంతే పవిత్రమని 2018లో పోపు ఫ్రాన్సిస్ రాశారు కదా అన్నది ఆయన ప్రశ్న. ఎక్కువమంది బిషప్పులు ఆ మాటను ఉంచడానికే మొగ్గారు.

అవతలి వాదనకు పునాది 1983లో షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ ఫర్డమ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం. అబార్షన్, అణ్వాయుధాలు, మరణశిక్ష, పేదరికం అన్నిటా ప్రాణం పట్ల ఒకే నీతి ఉండాలన్నారాయన. అన్నీ సమానమని మాత్రం అనలేదు. తర్వాత చాలామంది రాజకీయ నాయకులు ఆ తేడాను వదిలేసి, అబార్షన్‌ను పాతిక అంశాల జాబితాలో ఓ మూలకు తోసేశారు. అది బెర్నార్డిన్‌కు అన్యాయమనే నేనంటాను.

ఈ రెండు వాదనల మధ్య నాకు అన్నిటికన్నా నిజాయతీగా కనిపించేది 2004లో కార్డినల్ రాట్జింగర్ అమెరికా బిషప్పులకు పంపిన చిన్న పత్రం. ఏడాది తిరక్కుండానే ఆయన పోపు 16వ బెనెడిక్ట్ అయ్యారు. అబార్షన్‌ను సమర్థించే కతోలికుడు జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఏడాది అది. ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇవ్వాలా వద్దా అని బిషప్పులే తలపడుతున్నారు. రాట్జింగర్ పత్రం ప్రధానంగా ఆ సంగతి గురించే. ఓటర్ల మాట చివర్న ఒక గమనికలో వస్తుంది. అభ్యర్థి అబార్షన్‌ను సమర్థిస్తున్నాడన్న కారణంతోనే ఓటేస్తే ఆ పాపంలో నేరుగా పాలుపంచుకున్నట్టే. ఆ వైఖరిని ఒప్పుకోకుండా, వేరే కారణాలతో ఓటేస్తే అది దూరపు సహకారం. దానికి తగినంత బరువైన కారణాలుంటే అనుమతించవచ్చు.

ఆ ‘తగినంత బరువు’ను ఇరుపక్షాలూ తేలిక చేశాయి. అంత బరువైన కారణం ఉండే అవకాశమే లేదని కొందరు తేల్చేస్తే, ఏ కారణమైనా సరిపోతుందని మరికొందరు సరిపెట్టుకున్నారు. రాట్జింగర్ తూకం వేయమన్నారు. వేయాలంటే ఆ పదవికి ఏం చేసే అధికారముందో ముందు చూడాలి. 2022 జూన్‌లో డాబ్స్ తీర్పుతో అబార్షన్ చట్టం రాష్ట్రాల చేతికొచ్చింది. 2024లో రిపబ్లికన్ పార్టీ కూడా ఆ సంగతి రాష్ట్రాలకే వదిలేస్తామంది. అంటే అధ్యక్ష ఎన్నికలో ఈ అంశం బరువు మునుపటంత లేదు, రాష్ట్ర శాసనసభ ఎన్నికలో మునుపటికన్నా పెరిగింది. ఈ మార్పును గుర్తించకుండా పాత కరపత్రాలే పంచడం విశ్వాసులను తప్పుదోవ పట్టించడమే.

రెఫరెండం సంగతి వేరు. 2022 ఆగస్టు 2న కాన్సస్‌లో, తమ రాజ్యాంగం అబార్షన్ హక్కు ఇవ్వడం లేదని చేర్చే సవరణపై ఓటింగ్ జరిగింది. అక్కడి శ్రీసభ లక్షల డాలర్లు వెచ్చించి ప్రచారం చేసింది. 59 శాతం మంది వద్దన్నారు. ప్రశ్న ఒక్కటే కాబట్టి వలస విధానాన్నో, పేదరికాన్నో తక్కెడలో వేసే వీల్లేదు. శాసనసభ రేపు ఎంత కఠినమైన చట్టం తెస్తుందోనన్న భయం మాత్రం ఉట్టిది కాదు. నిషేధం వచ్చాక టెక్సస్‌లో, బిడ్డ దక్కదని తేలిన తల్లులకు కూడా చికిత్స ఆలస్యమైన ఉదంతాలు కోర్టుకెక్కాయి. అయినా శ్రీసభ బోధను నమ్మే ఓటరు ఆ భయంతో ‘వద్దు’ అనడం నాకు సబబుగా తోచదు. భయపడాల్సింది రాబోయే చట్టంలోని మాటల గురించి. వాటిని సరిగ్గా రాయించే పోరాటం అప్పుడు చేయాలి.

2024 సెప్టెంబరులో సింగపూర్ నుంచి తిరిగి వస్తూ విమానంలో పోపు ఫ్రాన్సిస్, ట్రంప్, హారిస్ ఇద్దరూ ప్రాణానికి వ్యతిరేకులేనన్నారు. వలసదారులను తరిమేయడం పాపమనీ, అబార్షన్ హత్య అనీ చెప్పారు. తక్కువ చెడును ఎంచుకోండి, అదెవరో నాకు తెలియదు, ఎవరి మనస్సాక్షితో వాళ్లు తేల్చుకోవాలి అన్నారు. ఆయన చేతులు దులుపుకున్నారని కొందరు నొచ్చుకున్నారు. పోపు చెప్పగలిగింది అంతే, అంతకు మించి చెప్పడం తప్పయ్యేదని నా నమ్మకం.

ఓటేసి వచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. అబార్షన్ వైఖరిని కాదనుకుంటూనే డెమొక్రాట్‌కు ఓటేసినవారు, ఆ వైఖరి తమకు సమ్మతం కాదని ఆ నాయకుడికే ఉత్తరం రాయాలి. బిడ్డ కోసమే రిపబ్లికన్‌కు ఓటేసినవారు, దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం అమెరికాలో ఇప్పటికీ ఎందుకు లేదో తమ నాయకుణ్ణి నిలదీయాలి.