హరిత హైడ్రోజన్‌కు నీరు: ఖర్చు స్వల్పం, కేటాయింపే కీలకం

2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ ఉత్పత్తి సామర్థ్యం సాధించేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో జాతీయ మిషన్‌ను ఆమోదించింది. ఈ పరిశ్రమకు కావలసిన సౌర, పవన విద్యుత్తు ధరలపై విస్తృతంగా చర్చ సాగుతోంది. ముడిసరుకైన నీటి ప్రస్తావన మాత్రం అరుదుగానే వినిపిస్తోంది.

రసాయన సూత్రం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీరు సరిపోతుంది. శుద్ధిలో పోయే నీటిని, యంత్రాల శీతలీకరణను కలిపితే అవసరం 20 లీటర్లకు, కొన్నిచోట్ల అంతకు పైగా చేరుతుంది. 20 లీటర్ల లెక్కన జాతీయ లక్ష్యానికి ఏటా సుమారు 3.5 టీఎంసీలు కావాలి. దేశంలో సేద్యానికి వాడే నీటితో పోలిస్తే ఇది అత్యల్పం.

ధర విషయమూ అంతే. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చడానికి కిలోలీటరుకు రూ.100 అవుతుందనుకున్నా, కిలో హైడ్రోజన్‌పై పడే భారం రూ.2 మాత్రమే. అదే కిలో తయారీకి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు అవసరం. యూనిట్ రూ.3 చొప్పున చూసినా ఆ వ్యయం రూ.150 దాటుతుంది.

అయితే జాతీయ సగటు స్థానిక ఒత్తిడిని చూపదు. 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన అనకాపల్లి జిల్లా పూడిమడక కేంద్రంలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ ఉత్పత్తి లక్ష్యం. ఇదే లెక్కన దానికి రోజూ 3 కోట్ల లీటర్లు కావాలి. తలకు 135 లీటర్ల చొప్పున 2.2 లక్షల మంది పట్టణవాసులకు సరిపోయే నీరది. పూడిమడకకు చెంతనే సముద్రం ఉంది. ఎండ మెండుగా కాసే రాజస్థాన్, రాయలసీమల లోతట్టు ప్రాంతాలకు ఆ వెసులుబాటు లేదు. అవి నీటి ఎద్దడికీ పెట్టింది పేరు.

నదీజలాలు చౌకగా ఇచ్చినందువల్ల ఉత్పత్తిదారుకు కిలోపై మిగిలేది రూపాయో, రెండో. వేసవిలో అవే నీళ్లు తగ్గితే రైతుకు పంట, పట్టణానికి తాగునీరు దక్కవు. అందువల్ల ప్రోత్సాహకాలు పొందే పరిశ్రమలు తీరంలో సముద్రపు నీటిని, లోతట్టులో శుద్ధిచేసిన మురుగునీటిని వాడాలన్న షరతు సమంజసం. చెన్నై సమీపంలోని మీంజూరులో నిర్లవణీకరణ కేంద్రం 2010లో ప్రారంభమైంది. సూరత్ నగరపాలక సంస్థ శుద్ధిచేసిన మురుగునీటిని పరిశ్రమలకు విక్రయిస్తోంది.

నిర్లవణీకరణకూ మూల్యం ఉంది. తోడిన నీటిలో సగానికి పైగా గాఢమైన ఉప్పునీరుగా తిరిగి సముద్రంలో కలుస్తుంది. దానిని తీరానికి దూరంగా, పలుచన చేసి వదిలే ఖర్చును ప్రాజెక్టు వ్యయంలోనే చేర్చాలి. లేకుంటే ఆ భారం మత్స్యకారులపై పడుతుంది. విద్యుత్తు ఒప్పందాలతోపాటే నీటి వనరును కూడా ముందుగా ఖరారు చేసినప్పుడే ఈ ఇంధనానికి హరిత నామం సార్థకమవుతుంది.