నమ్మివచ్చిన ప్రాణి

1979వ సంవత్సరము చివర అమెరికా సంయుక్త రాష్ట్రములలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఒక స్త్రీ మరణించెను. ఆమె యింట సిడో అను పెంపుడు కుక్క యొకటి కలదు. దాని వయస్సు అప్పటికి ఇంచుమించు పదేండ్లు. తాను మరణించిన పిదప ఆ కుక్కను చంపించవలసినదని ఆమె మరణశాసనమున వ్రాసియుంచెను. ఆమెకు దానిపై కోపమేమియు లేదు. తన తరువాత దానిని ఆదరించువారు లేక అది దిక్కులేనిదై బాధపడునేమో యను దిగులే ఆమెచేత ఆ మాట వ్రాయించినది.

అప్పుడు సిడో ఆ నగరపు జంతుహింసా నివారణ సంఘము వారి రక్షణలో నుండెను. సంఘమునకు నాయకుడు రిచర్డ్ అవన్జినో. మరణశాసనమును అమలుపరుపవలసినవారు కుక్కను అప్పగింపుమనిరి. ఆయన నిరాకరించెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. వార్త దేశమంతట వ్యాపించెను. సిడోను బ్రతుకనిండని వేలకొలది ఉత్తరములు వచ్చెను. 1980 జూన్ నెలలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఆ యొక్క కుక్కను కాపాడుటకై ప్రత్యేకముగ ఒక చట్టమే వెలువడెను. న్యాయాధిపతియు మరణశాసనములోని ఆ కోరిక చెల్లదని తీర్పు చెప్పెను. సిడో బ్రతికెను.

కుర్చీని, బిందెను, గడియారమును వాని యజమాని తన యిచ్చవచ్చినట్లు పగులగొట్టవచ్చును. అడుగువారు లేరు. కాని ఆకలి దప్పులు, భయము, ప్రేమ ఎఱిగిన ప్రాణిని వస్తువులతో సమానముగ నెంచ రాదని ఆ తీర్పు లోకమునకు చాటెను. అయితే ఆలోచనాపరులకు వెంటనే మఱియొక ప్రశ్న తోచెను. సిడో కొఱకు పత్రికలు వ్రాసినవి, శాసనసభ కదలినది. ఏ పత్రికయు పట్టించుకొనని కుక్కల మాట యేమి? ఆ కాలమున ఆ నగరముననే, ఆ సంఘమువారి శాలలోనే, అడుగువారు లేని కుక్కలను, పిల్లులను కొన్నాళ్లుంచి పిమ్మట చంపుచుండిరి. వానికి మరణశాసనము వ్రాసినవారెవరును లేరు. స్థలము చాలకపోవుటయే వాని నేరము.

దయ కొఱకు పుట్టిన సంస్థ వధ్యశాలగా నెట్లు మారెను? ఇది చరిత్రలో వింతయైన ఘట్టము. 1866లో హెన్రీ బెర్గ్ అను సజ్జనుడు న్యూయార్కు నగరమున జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. బండ్లు లాగు గుఱ్ఱములను కొరడాలతో చావమోదుచున్న రోజులవి. వీధికుక్కలను ఇనుప బోనులలో నింపి నదిలో ముంచి చంపుచున్న రోజులవి. బెర్గ్ జీవించియున్నంత కాలము కుక్కలను పట్టి చంపు పనిని సంఘము నెత్తిన వేసికొనలేదు. ఆయన 1888లో మరణించెను. 1894లో సంఘము ఆ పనిని నగరము నుండి గైకొనెను. నీట ముంచి చంపుటకంటె బాధ తక్కువ కలుగునట్లు చంపుట మేలుకదా యని వారి తలంపు. ఉద్దేశము మంచిదే. కాని ఒకసారి అలవాటైన పని క్రమముగ ధర్మమువలె కనబడసాగును. పెక్కు పట్టణములలోని సంఘములు ఈ మార్గమునే పట్టినవి. ఏటేట లక్షలకొలది ఆరోగ్యవంతములైన జంతువులు శరణాలయములందే ప్రాణములు విడిచెను. పేరేమో శరణాలయము, జరుగునదేమో మరణము!

ఈ పద్ధతిని మార్చవచ్చునని శాన్ ఫ్రాన్సిస్కో నగరము నిరూపించెను. అవన్జినో నాయకత్వమున సంఘము 1980 తరువాత పట్టి చంపు పనినుండి తొలగిపోవ నిశ్చయించుకొనెను. 1989లో నగరపాలకులు ఆ బాధ్యత కొఱకు వేఱొక శాఖను ఏర్పరచిరి. 1994లో ఆ శాఖకును సంఘమునకును ఒక ఒడంబడిక కుదిరెను. ఇంటిలో పెంచుకొనదగిన కుక్కనుగాని పిల్లినిగాని ఇక నగరమున చంపరాదు. శాఖకు స్థలము చాలనిచో సంఘము దానిని చేకొని, క్రొత్త యింటికి చేర్చు భారము వహింపవలెను. ఇదియే ఆ ఒడంబడిక సారము. వధరహిత శరణాలయోద్యమమునకు ఇది గొప్ప మలుపు. 2010లో టెక్సాస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగర సభ శరణాలయమునకు వచ్చు జంతువులలో నూటికి 90 బ్రతికి బయటపడవలెనని తీర్మానించి, మరుసటి సంవత్సరమే ఆ లక్ష్యమును చేరెను.

నూటికి నూరు అనక 90 అని యేల యనిరి? కొన్ని జంతువులు నయము కాని రోగముతో, ఓర్వరాని బాధతో వచ్చును. అరుదుగ కొన్ని మనుష్యులకు నిజముగ ప్రాణాపాయము కలిగించునవి యుండును. అట్టివానికి వైద్యుడు బాధారహితమైన మరణము ప్రసాదించుట క్రూరత్వము కాదు. స్థలము లేదనియో, ముసలిదనియో, నల్లగానున్నదనియో చంపుట మాత్రము క్రూరత్వమే. ఈ భేదమును గుర్తించుటయే వధరహిత నియమమునకు ప్రాణము.

మంచి మనస్సు ఒక్కటే ఈ కార్యమును సాధింపలేదు. దీనికి వెనుక కట్టుదిట్టమైన పని కలదు. జంతువు వచ్చిన వెంటనే అంటువ్యాధులు సోకకుండ టీకాలు వేయుదురు. రోగము గలదానిని వేఱుగ నుంచుదురు. తప్పిపోయి వచ్చినదేమో యని మెడపట్టీని, చర్మము క్రింద నుంచెడి చిన్న గుర్తింపు చిప్పును పరీక్షించి యజమానికి కబురంపుదురు. తల్లిలేని పిల్లికూనలకు రెండు మూడు గంటలకొకసారి, రాత్రివేళ గూడ, సీసాతో పాలు పట్టవలెను. జీతగాండ్రతో జరుగు పని కాదది. అందుచే నగరవాసులు కొందఱు కూనలను తమ యిండ్లకు గొనిపోయి కొన్ని వారములు పెంచి తిరిగి యిత్తురు. బెదరిన కుక్కకు మనుష్యుని నమ్ముట మరల నేర్పుదురు. ఒక ఊర స్థలము చాలనిచో, కోరువారున్న మఱియొక ఊరికి బండ్లలో పంపుదురు. తుదకు పెంచుకొన వచ్చినవారి ఇల్లు, వృత్తి, తీరిక విచారించి తగిన జంతువును ఒప్పగింతురు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది సంతాననిరోధ శస్త్రచికిత్స. కుక్కగాని పిల్లిగాని గర్భము ధరించిన తొమ్మిది వారములకే ఈనును. పిల్లి పుట్టిన ఆఱు నెలలలోపుననే తల్లి కాగలదు. పుట్టువాని సంఖ్య పెంచుకొనువారి సంఖ్యను మించినంత కాలము ఏ శరణాలయమును చాలదు. కావున తక్కువ ఖర్చుతో ఈ చికిత్స చేయు వైద్యశాలలు వెలసెను. చంపి తగ్గింపజూచిన సంఖ్య, పుట్టుక నాపుటచేత తగ్గెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

ఫలితములు అంకెలలో కనబడుచున్నవి. బెర్గ్ స్థాపించిన సంఘమువారి అంచనా ప్రకారము అమెరికా శరణాలయములలో 2011లో సుమారు 26 లక్షల జంతువులు చంపబడెను. 2019 నాటికి ఆ సంఖ్య 9 లక్షల 20 వేలకు దిగెను. అది ఇప్పటికిని పెద్ద సంఖ్యయే. అయినను ఎనిమిదేండ్లలో మూడవవంతునకు తగ్గుట సామాన్యమైన విషయము కాదు.

ఈ పద్ధతిని ఆక్షేపించువారును కలరు. వారి మాటలు త్రోసిపుచ్చదగినవి కావు. చంపము అన్న పేరు నిలుపుకొనుటకై కొన్ని శాలలు జంతువులను క్రిక్కిఱిసిన బోనులలో ఏండ్ల తరబడి ఉంచుచున్నవని వారందురు. మఱికొన్ని, స్థలము లేదని వాకిలి మూసి, వచ్చినదానిని వెనుకకు పంపుచున్నవందురు. వెనుకకు పోయిన జంతువు వీధిలోనో వేఱొక శాలలోనో చచ్చినచో, ఆ చావు లెక్కలో చేరకపోవచ్చును గాని పాపము చేరకపోదు. ఇది నిజమే. బోనులో కుళ్లుచు బ్రతుకుట బ్రతుకు గాదు. కాని యింటిలో ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొందురా? లోపమున్న శాలను సరిదిద్దవలెను. తనిఖీలు జరుగవలెను. ఎన్నింటిని చేర్చుకొనిరి, ఎన్ని క్రొత్త యిండ్లకు పోయినవి, ఎన్ని చనిపోయినవి అను లెక్కలు ప్రజల యెదుట పెట్టవలెను. లోపమును సాకుగా గొని మరల చంపుటకు మొదలిడుట తగదు.

మనుష్యుల పిల్లలే ఆకలితో నుండ కుక్కల కింత శ్రమ యేల యని మఱికొందఱు అడుగుదురు. దయ కుండలోని నీరు వంటిదైనచో ఒకరికి పోసిన మఱియొకరికి తక్కువగును. కాని అది ఊటబావి వంటిది. తోడినకొలది ఊరును. పిల్లికూనకు నడిరాత్రి లేచి పాలుపట్టిన పిల్లవాడు ఆకలిగొన్న బాలుని చూచి మొగము త్రిప్పుకొనడు.

మన దేశమున సమస్య కొంత భిన్నమైనది. ఇచ్చట యింటి కుక్కలకంటె వీధికుక్కల సంగతి యెక్కువ వినబడును. మద్రాసు నగరమున కెప్టెన్ వి. సుందరం అను విమానచోదకుడు 1959లో బ్లూ క్రాస్ సంఘమునకు పునాది వేసెను. వీధికుక్కలను చంపుటకు బదులు సంతాననిరోధము చేయవలెనని ఆ సంఘము 1964 నుండియు వాదించుచు, తానే ఆచరించి చూపెను. నగరపాలకులు ఆ మార్గమును అంగీకరించుటకు 1996 వఱకు ముప్పది రెండేండ్లు పట్టెను! తెలుగు నేలమీద హైదరాబాదున 1992లో బ్లూ క్రాస్ సంస్థయు, విశాఖపట్టణమున 1996లో మఱియొక జంతుసంరక్షణ సంఘమును వెలసినవి. 2001లో కేంద్రప్రభుత్వము వీధికుక్కల సంతాననిరోధమునకు నిబంధనలు చేసెను. వాని స్థానమున 2023లో క్రొత్త నిబంధనలు వచ్చెను. 2025 నవంబరులో సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషన్లు మున్నగువాని ఆవరణలనుండి వీధికుక్కలను తొలగించి, సంతాననిరోధము చేయించి, టీకాలు వేయించి, శరణాలయములకు తరలింపవలెనని ఆదేశించెను. కుక్కకాటు భయము నిజమైన భయము. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప ప్రాణము దక్కుట అసాధ్యమనియే చెప్పవచ్చును. కఱచిన వెంటనే పుండును సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, జాగు సేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. బాలుర ప్రాణమును కాపాడుటయు, మూగజీవిని హింసింపకుండుటయు పరస్పర విరుద్ధములు కావు. టీకా రెంటిని సాధించును. అందుచేతనే మంచి శరణాలయముల అవసరము మన దేశమున మునుపటికంటె హెచ్చినది.

అయితే శరణాలయము కడపటి మందు మాత్రమే. రోగము పుట్టినది ఇండ్లలో. నేడు పట్టణములలో అనేకులు ముచ్చటపడి వేలు పోసి జాతికుక్కపిల్లను కొందురు. మంచు దేశపు కుక్కను మండుటెండల ఊరికి తెత్తురు. అది పెరిగి పెద్దదై తిండి యెక్కువ తినినను, జబ్బుపడినను, ఇల్లు మారవలసివచ్చినను బండిలో నెక్కించి ఊరిబయట దింపి వత్తురు. వీధికుక్కకు వీధిలో బ్రతుకు తెరువు తెలియును. యింట పెరిగినదానికి అదియు తెలియదు. బండి పోయిన దిక్కునకే చూచుచు అది కూర్చుండును. ఆకలి దప్పులకు గుఱియగునట్లు జంతువును అకారణముగ విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ప్రాణులయెడ కరుణ గలిగియుండుట పౌరుని ప్రాథమిక విధియని మన రాజ్యాంగములోని 51ఎ అధికరణము చెప్పుచున్నది.

చట్టము పుట్టకముందే ఈ ధర్మమును మన పెద్దలు ఎఱుగుదురు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట ఒక కుక్క నడచెను. తమ్ములు, ద్రౌపది దారిలో పడిపోయిరి. తుదకు ఇంద్రుడు రథము దెచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మనెను. నమ్మి వెంటవచ్చినదానిని విడిచి పొందు స్వర్గము తన కక్కఱలేదని ధర్మరాజు నిలిచిపోయెను. ఆ కుక్క జాతికుక్కయని వ్యాసుడు చెప్పలేదు. అది తన్ను నమ్మినది. ధర్మరాజునకు ఆ యొక్క కారణమే చాలినది.

కావున ఇంటికి కుక్కపిల్లనో పిల్లికూననో తెమ్మని తల్లిదండ్రులను వేడు బాలబాలికలు ముందుగ తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. దాని ఆయుష్షు పది పదునైదేండ్లు. అన్నాళ్లును దానికి తిండి పెట్టుటకు, టీకాలు వేయించుటకు, ముసలితనమున సేవచేయుటకు ఆ యింటివారు సిద్ధముగ నున్నారా? సిద్ధముగ నున్నచో, కొనుటకుమాఱు శరణాలయమునకు పోయి దిక్కులేనిదానిని తెచ్చుకొనుట మేలు. ఒక ప్రాణికి ఇల్లు దొరకును. శాలలో మఱియొకదానికి చోటు దొరకును.

సిడో యజమానురాలు తన తరువాత ఆ కుక్కకు దిక్కు లేదని తలచెను. ఆ సందేహమునకు ఆమెను తప్పుపట్ట పనిలేదు. నాటి లోకము ఆమె కంటికి అట్లు కనబడినది. అట్టి భయముతో ఎవరును అట్టి మాట వ్రాయనక్కఱలేని లోకమును నిర్మించుట నేటివారి చేతిలోని పని.