నువ్వు తెలుగువాడివా, ముస్లింవా?

మన పిల్లలను బడిలో ఎవరో ఒకరు ఏదో ఒకనాడు ఈ ప్రశ్న అడుగుతారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే బాలుడు తెల్లబోతాడు. నూర్‌బాషా ఇంటి బిడ్డకు ఇంట్లోనూ తెలుగే. ఆమెకు మనవైపు నుంచి మరో ప్రశ్న ఎదురవుతుంది: "ఉర్దూ రాదా? నువ్వేం ముస్లింవు?" రెండు ప్రశ్నలూ గాయపరిచేవే.

మా పేటలో ఒక ఆరవ తరగతి బాలుడు క్రికెట్ ఆడే చోట తన పేరు సన్నీ అని చెప్పుకొన్నాడు. ఏడాది తరువాత తండ్రికి తెలిసింది, కొట్టాడు. పేరెందుకు దాచావని ఆ బిడ్డను ఎవరూ అడగలేదు. సంఘసేవకులమని చెప్పుకొనే మేమూ అడగలేదు.

ప్రభుత్వ కార్యాలయంలో మేము ఏళ్ల తరబడి దరఖాస్తులు పరిశీలించాము. మతానికి ఒక గడి, మాతృభాషకు ఒక గడి. ఆ గడుల్లో ఇమడని మనిషికి చోటిచ్చేది కథ. పది, పన్నెండేళ్ల తెలుగు ముస్లిం బిడ్డ తనను తాను చూసుకోగల కథల పుస్తకాలు మన బడుల్లో, గ్రంథాలయాల్లో ఎన్ని ఉన్నాయి?

అమెరికాలో ఒక పెద్ద ప్రచురణ సంస్థ ముస్లిం పిల్లల కథల కోసమే 2016లో 'సలామ్ రీడ్స్' విభాగాన్ని ప్రారంభించింది. అక్కడి నుంచి 2017లో వచ్చిన హేనా ఖాన్ నవల 'అమీనాస్ వాయిస్'లో అమీనాకు కొరియా మూలాలున్న స్నేహితురాలు ఒకరుంటుంది. ఆమె పేరు మార్చుకోవాలనుకుంటే అమీనా కలవరపడుతుంది. వీరా హిరానందాని 'ది నైట్ డైరీ' (2018)లో తండ్రి హిందువు, మరణించిన తల్లి ముస్లిం. దేశవిభజన వేళ పన్నెండేళ్ల నిషా తాను ఎవరి పక్షమని తల్లికి రాసుకొనే డైరీలో అడుగుతుంది. తెలుగులో రాయగలవారు లేరనడం అబద్ధం. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లాలోని ఒక ముస్లిం బాల్యాన్ని అచ్చమైన తెలుగులో చెప్పాయి. లేనిది అటువంటి కథలను పిల్లల చేతికి చేర్చే సంకల్పం.

మనలో కొందరు పెద్దలు ఇటువంటి పుస్తకాలతో ఈమాన్ సడలుతుందని భయపడతారు. ఇబ్రాహీం ప్రవక్త (అలైహిస్సలాం) నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి చూసి, అస్తమించేవి దైవం కావన్నారు. తండ్రినే ప్రశ్నించారు. ఆ వృత్తాంతాన్ని భక్తితో చదివే మనం మన బిడ్డ ప్రశ్నకు బెదరడమేమిటి? ఇంట్లో అడగనివ్వని ప్రశ్నను బిడ్డ సెల్‌ఫోనును అడుగుతాడు. అక్కడ ఎవరు, ఏ ఉద్దేశంతో జవాబు చెబుతారో మనకు తెలియదు.

ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాము. కనుక పుస్తకాలు అడగడం మన హక్కు. ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం తమ జిల్లా గ్రంథాలయ సంస్థకు వినతిపత్రం ఇవ్వాలి. ముస్లిం పిల్లల జీవితాన్ని చెప్పే కథలను కొనమని, ఇతర భాషల్లోని మంచి నవలలను తెలుగు చేయించమని కోరాలి. ఇచ్చిన ప్రతికి రసీదు తీసుకోవాలి. నెల దాటితే మళ్లీ వెళ్లి అడగాలి.

అంతకు ముందు ఈ రాత్రే ఇంట్లో చేయగల పని ఒకటున్నది. నిన్ను బడిలో ఏ పేరుతో పిలుస్తున్నారమ్మా అని బిడ్డను అడుగుదాం. జవాబు ఏదైనా, చేయెత్తకుండా చివరిదాకా విందాం.