పాటల పుస్తకములు, పాత చందమామలు

అభిమానమను మాటకు సంస్కృతమున నొక యర్థమును, మన యిండ్ల వాడుకలో వేరొక యర్థమును గలవు. అక్కడ నది గర్వము. తన్ను తాను గొప్పగా నెంచుకొనుట. సుయోధనుని అభిమానధనుడని చెప్పుట యీ యర్థముననే. ఇక్కడనో, "ఆమెకు పాటలన్న నభిమానము", "మా తమ్మునికి ఫలానా నటుడన్న నభిమానము" అని పరులయెడ గల ప్రీతికే దానిని వాడుచున్నాము. ఈ మాసమున మేము వ్రాయదలచినది యీ రెండవ దానిని గూర్చి. ఇట్టి విషయము గృహిణుల పత్రికకేల యని కొందరు పెద్దలు ముఖము చిట్లింపవచ్చును. చిట్లింపనిండు.

గత మాసమున ఒక సోదరి మాకు వ్రాసిన యుత్తరము దీనికి కారణము. ఆమె యత్తగారి పెట్టెలో పాత సినిమాల పాటల పుస్తకములు నూటికి పైగా నున్నవట. కొన్ని పెండ్లికి పూర్వము కొన్నవి, కొన్ని పిదప కూడబెట్టినవి. "ఇల్లు మారుచున్నాము. చిత్తుకాగితముల వానికి తూచి యిచ్చివేయుమని మావారనుచున్నారు. అత్తగారు అవుననలేదు, కాదనలేదు; లేచి గదిలోనికి పోయినారు. ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న. "ఇయ్యకుడు" అని మేము వెంటనే కార్డు వ్రాసితిమి. కారణములు కార్డున పట్టలేదు.

నేటి పడుచులలో పలువురు పాటల పుస్తకమును చూచియే యుండరు. అది పట్టుమని పదిపదునారు పుటలు గల చిన్న పుస్తకము. పైన రంగు బొమ్మ, లోపల చౌక కాగితము. మొదట పాత్రధారుల పట్టిక. పిదప కథాసంగ్రహము, అదియు కథ మంచి పట్టుమీద నుండగా తటాలున నాగి, మిగిలినది వెండితెరపై చూడవలసినదని చెప్పి తప్పించుకొనును. ఆ మీదట పాటలు. ఆటకు పోయినవారు విరామ సమయమున హాలులోనే కొనెడివారు. ఒక్కసారి చూచిన చిత్రమును మరల చూచుట యెప్పటికో. గ్రామఫోను అందరి యిండ్లలో నుండెడిది కాదు. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగు ఆ పలకయు ఒక్కొక్క ప్రక్కను మూడు నిమిషములకు మించి పాడదు. అందుచే స్త్రీలు ఇంటికి వచ్చి, పుస్తకమును పొయ్యి ప్రక్కన తెరచి పెట్టుకొని, సాహిత్యమును కంటితోను రాగమును జ్ఞాపకముతోను కూర్చుకొని పాటను సాధించిరి. సంగీతము చెప్పించుకొను భాగ్యము లేని యిల్లాండ్రకు అదియే గురువు, అదియే పాఠ్యగ్రంథము.

మరియొక సంగతి. 1932లో వెలువడిన మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" ప్రతి నేడు లభించుటలేదు. నాటి ఫిలిము ఊరకయే నిప్పంటుకొను స్వభావము గల పదార్థముతో చేయబడినది; అంటుకొననిది కాలక్రమమున పొడియై పోయినది. అట్లు నశించిన చిత్రములలో ఎవరు నటించిరి, ఎన్ని పాటలుండెను, కథ యెట్లు నడచెను అను విషయములు తెలియవలెనన్న మనకు మిగిలినవి పత్రికలలోని ప్రకటనలు, విమర్శలు, ఈ పాటల పుస్తకములును. ఇవి ఏ పండితుని గ్రంథాలయముననో భద్రపడినవి కావు. ఒక యత్తగారి పెట్టెలో, చీరల అడుగున, కలరా యుండల నడుమ భద్రపడినవి.

సినిమా పాట నీచమైనదని యెంచుట మన యింటి పెద్దలతోనే పుట్టినది కాదు. దొరతనము వారును అట్లే యెంచిరి. 1952లో బి. వి. కేస్కర్‌గారు కేంద్రప్రభుత్వమున సమాచార ప్రసార శాఖకు మంత్రియైన పిదప ఆకాశవాణినుండి సినిమా పాట దాదాపు వెడలగొట్టబడినది. శాస్త్రీయ సంగీతమును వినిపించినచో ప్రజల అభిరుచి దానంతట నదే సంస్కరింపబడునని వారి తలంపు. ప్రజలేమి చేసిరి? రేడియో ముల్లును త్రిప్పి సిలోను పట్టుకొనిరి. సముద్రమునకావలినుండి హిందీ పాటలే కాదు, తెనుగు పాటలును వినవచ్చెడివి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన మన ప్రభుత్వమే వివిధ భారతిని నెలకొల్పి పాటను తిరిగి యింటికి పిలుచుకొని వచ్చినది. మాకు శాస్త్రీయ సంగీతమున గౌరవము మెండు. అయినను ఆకలిగొన్నవాని ముందునుండి అన్నము తీసివేసి పాయసము గొప్పదనమును గూర్చి ఉపన్యసించినచో వాడు ప్రక్కయింటికి పోవుట సహజమే కదా!

మా తండ్రిగారు మాకు చిన్ననాట ఇంటియందే కావ్యములును, కొంత యలంకారశాస్త్రమును చెప్పిరి. భరతముని నాట్యశాస్త్రపు మొదటి యధ్యాయమున నొక కథ కలదు. వేదము వినుట కొందరికి నిషిద్ధమై యుండగా, అందరును చూచుటకు వినుటకు తగిన యాటవస్తువు నొకదానిని దయచేయుమని ఇంద్రాదులు బ్రహ్మను వేడిరట. ఆయన ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుస్సునుండి అభినయమును, అథర్వమునుండి రసములను గ్రహించి అయిదవ వేదమును నిర్మించెనట. తలుపులు మూసియున్నవారి కొరకు పుట్టిన విద్య యిది. సినిమా చూచుట స్త్రీలకు తగదని శాస్త్రము పేరు చెప్పువారు ఈ యధ్యాయమును ఒకమారు తెరచి చూచిన బాగుండును.

ఇక చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగార్లు దీనిని తెనుగునను అరవమునను ప్రారంభించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952నుండి 1980లో తాము స్వర్గస్థులగు వరకు దాని సంపాదకత్వము వహించిరి. కథలపై వ్రాసినవారి పేరు సాధారణముగా నుండెడిది కాదు. దేశమున సగము మంది పిల్లలు ఒడలు మరచి చదివిన ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిరను సంగతి ఆ పిల్లలు తాతలైన తరువాత గాని పలువురికి తెలియరాలేదు. దానిని వెలికి తెచ్చినవారెవరు? పాత సంచికలను కుట్టించి దాచుకొన్న అభిమానులే. ఏ బొమ్మ చిత్రాగారిది, ఏది శంకర్‌గారిది, ఏది వడ్డాది పాపయ్యగారిది అని సంతకము చూడకయే వారు చెప్పగలరు. చిత్రాగారి రాక్షసుడు భయపెట్టును. శంకర్‌గారి చెట్టు, గుడి, కోటగోడ కన్నులను నిలుపును. భుజముపై శవమును మోసికొని, కత్తి పట్టి నడచు విక్రమార్కుని రూపము శంకర్‌గారు గీచినది. ఆయన 1952లో ఆ పత్రికలో చేరి, 2020లో తొంబదియేండ్లు దాటిన వయస్సున మరణించిరి. పత్రికయో అంతకు ముందే, 2013 ప్రాంతమున, నిలిచిపోయినది. ఇకపై క్రొత్త సంచిక రాదు, ఉన్నవి చినుగుచున్నవి. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డులు వ్రాసి బహుమానము నాశించిన గృహిణులు మా చదువరులలోనే పెక్కుమంది యుందురు. మా పెద్దత్తగారు పదునాలుగు కార్డులు వ్రాసిరి. ఒక్క బహుమానమును రాలేదు. అయినను ఆ వ్యాఖ్యలన్నియు వారికి నోటికి వచ్చును.

పిల్లల పత్రికను నడపిన యా యిరువురే విజయా సంస్థ పేర "పాతాళభైరవి" (1951), "మిస్సమ్మ" (1955), "మాయాబజార్" (1957) చిత్రములను నిర్మించిరి. పాతాళభైరవిలోని మాంత్రికుడును, చందమామలోని మాంత్రికుడును ఒక్క యూరి వారే యని మాకు చిన్ననాడే తోచినది.

మాయాబజార్‌ను గూర్చి రెండు మాటలు వ్రాయకుండుట మాకు సాధ్యము కాదు. మా యింటివారు గణితోపాధ్యాయులు. పాటలన్న పెడచెవిని పెట్టువారు. అట్టివారును ఈ చిత్రము వచ్చినచో దిద్దుచున్న పరీక్ష కాగితములను ప్రక్కకు త్రోయుదురు. బలరాముని కూతురు శశిరేఖ వ్యాసభారతమున లేదు, కవిత్రయమున లేదు. అక్కడ అభిమన్యుని భార్యగా మనకు తెలిసినది ఉత్తరయే. శశిరేఖ జనుల నోట పుట్టి, నాటకములకెక్కి, 1936లోనే యొకమారు వెండితెర కెక్కిన పిల్ల. కె. వి. రెడ్డిగారు ఆమెను తిరిగి తెచ్చిరి. మాటలును పాటలును వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు రాక్షసుల నోట సంయుక్తాక్షరమును విడగొట్టి, అస్మదీయులను "అసమదీయులు" గావించి, దానికి ప్రతిగా "తసమదీయులు" అను పదమును సృష్టించిరి. ఏ వ్యాకరణమును దీని కొప్పదు. కాని నేడు కూరగాయల బజారున సైతము ఆ మాట చెల్లుచున్నది. వ్యాకరణము చదివిన మాబోంట్లకు మొదట నవ్వు వచ్చును, పిదప కొంచెము అసూయ కలుగును.

చెవి యొగ్గి వినువారికి ఇంకొక విశేషము దొరకును. నిజమైన శశిరేఖ నౌకలో అభిమన్యునితో పాడునపుడు వినబడునది పి. లీలగారి కంఠము. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి తన పెండ్లి సంబరమును పాడునపుడు వినబడునది పి. సుశీలగారి కంఠము, నడుమ ఘంటసాలగారి మగగొంతు తొంగిచూచుచుండగా. తెరపై రెండింటను సావిత్రిగారే. మేనిలో మగవాని ఠీవి, గొంతులో మార్పు! మార్కస్ బార్‌ట్లీగారు దీపములతో కల్పించిన వెన్నెలను నిజమైన వెన్నెల యనుకొన్నవారెందరో. 2010లో ఈ చిత్రమునకు రంగులు పూసి మరల విడుదల చేసిరి. మాకు నలుపు తెలుపులదే యిష్టము, మా పిల్లలకు రంగులదే. ఈ తగవు మా యింట తీరలేదు.

ఇట్లు వెదకుచు పోవగా మన స్త్రీల చరిత్రయే కొంత బయటపడుచున్నది. భానుమతిగారు 1953లో "చండీరాణి"ని తామే దర్శకత్వము వహించి తెనుగు, అరవము, హిందీ మూడు భాషలలోను తీసిరి. సావిత్రిగారు 1968లో "చిన్నారి పాపలు" చిత్రమునకు దర్శకురాలైరి. దానికి సంగీతము కూర్చినది లీలగారే. విజయనగరపు బిడ్డ సుశీలగారు ఆరు భారతీయ భాషలలో పాడిన పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ గ్రంథమువారు లెక్క తేల్చిరి. ఆ లెక్కకు ఆధారములు కూర్చినవారును అభిమానులే.

అభిమానమునకు వేరొక ముఖము కలదు. దానిని దాచి వ్రాయుట మాకిష్టము లేదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు నగరమున, ఒక క్రొత్త చిత్రపు ముందస్తు ప్రదర్శనకు భర్తతోను పిల్లలతోను వచ్చిన యొక గృహిణి, నటుని చూచుటకు విరుచుకొనిపడిన జనసమ్మర్దమున నలిగి ప్రాణము విడిచెను. ఆమె కుమారుడు నెలల తరబడి వైద్యాలయమున నుండెను. ఆమెది మా యీడే. పిల్లవాని ముచ్చట తీర్చబోయిన తల్లి! ఆ వార్త చదివిన నాడు మాకు వంటయిల్లు తోచలేదు. నటుల కటౌట్లకు పాలాభిషేకములు చేయుట, కులము పేర నటులను పంచుకొని కొట్లాడుట, ఒకని చిత్రము చెడిపోయినదని వేరొకని వారు బాణసంచా కాల్చుట — వీనియందు పాట లేదు, కథ లేదు, బొమ్మ లేదు. సాహిత్యమున సహృదయుడని యొక మాట గలదు. కవి హృదయముతో సమానమగు హృదయము గలవాడు. ఈ గుంపునకు హృదయమే యొకటి గాదు. మా యింట నొక నియమము పెట్టుకొన్నాము: మొదటి దినపు ఆటకు పిల్లలతో పోము. రెండవ వారమున చిత్రము మారదు, గుంపు మాత్రము తగ్గును. అలిగిన పిల్లలు రెండు పూటలలో మరల అన్నమునకు వత్తురు.

ఇక ఆ సోదరికిని, అట్టి పెట్టెలు గల తక్కిన వారికిని ఉపయోగపడు నాలుగు మాటలు. పుస్తకపు నడుమ నుండు ఇనుపముక్కలు వానకాలపు చెమ్మకు త్రుప్పుపట్టి కాగితమును తినివేయును. వానిని గోటితో గాక చిన్న కత్తిమొనతో మెల్లగా విప్పి తీసి, నూలుదారముతో అవే రంధ్రములలో వదులుగా కుట్టవలెను. చినిగినచోట జిగురు టేపు అంటింపరాదు. కొన్ని యేండ్లకది పసుపుపచ్చనై, అక్షరములతో కూడ ఊడివచ్చును. పలుచని కాగితపు పట్టీని మైదాగంజితో అంటించిన చాలును. పుస్తకములను నిలువుగా గాక పరుండబెట్టి, గాలి యాడు అట్టపెట్టెలో, ఎండిన వేపాకు గుడ్డమూటలతో నుంచవలెను. ప్లాస్టిక్ సంచిలో బిగించినచో లోపలి చెమ్మ బయటికి పోజాలదు. వర్షములు తగ్గిన పిదప ఒక దినము నీడపట్టున గాలికి పరువవలెను; ఎండలో పెట్టిన కాగితము పెళుసెక్కును. చదువుటకు, పాడుటకు చేతిఫోనుతో పుటలను ఛాయాచిత్రములు తీసి పెట్టుకొన్నచో అసలు ప్రతిని మాటిమాటికి త్రిప్ప నవసరముండదు.

అన్నిటికంటె ముందుగా చేయవలసిన పని యొకటున్నది. అత్తగారిని పిలిచి, ఒక్కొక్క పుస్తకమును చేతికిచ్చి, దీనిని ఏ యూరిలో, ఏ హాలులో, ఎవరితో పోయి చూచితిరని అడుగుడు. వారు చెప్పినది వేరొక చీటిపై పెన్సిలుతో వ్రాసి పుస్తకములో నుంచుడు. సిరా వలదు, అది ప్రక్క పుటకు దిగును. నూరు పుస్తకములకు చాల దినములు పట్టును. ఇల్లు మారుటకు ముందు ముగియకున్నచో క్రొత్త యింట ముగింపవచ్చును.

వచ్చు మాసమున ఆవకాయ జాడీలకు బూజు పట్టకుండ జాగ్రత్తపెట్టు విధమును వ్రాయుదుము.