అటకమీది విమానము

గత మాసమున మా కొక సోదరి వ్రాసిన యుత్తరమును చదివి మేము మొదట నవ్వితిమి. రెండవమాఱు చదివినపుడు నవ్వు రాలేదు.

ఆమె హైదరాబాదు వాస్తవ్యురాలు. భర్త యుద్యోగి. త్రాగుడు లేదు, జూదము లేదు. ఆయనకు గల వ్యసనమెల్ల చిన్న విమానము లెగురవేయుట యని యామె వ్రాసెను. అది మనుష్యు లెక్కునది కాదు. నేలమీద నిలిచి రిమోటుతో నడుపు నమూనా విమానము. ఒకనాడు వీణ గవిసెనను ఎలుకలు కొఱికినవేమో చూతమని యామె యటక యెక్కగా, పాత పరుపుల వెనుక నా విమానపు పెట్టె కనబడెను. పెట్టెలోని బిల్లుపై 22 వేల రూపాయలని యున్నది. ఆమెతో ఆయన చెప్పినది 6 వేలు. "ఆ పదునాఱు వేలకు నేను ఏడ్వలేదు. అటకమీద దాచినందుల కేడ్చితిని" అని వ్రాసెను. ఇప్పు డాయన యింతకంటె పెద్దది యొకటి కొనుటకు సమ్మతి కోరుచున్నాడట. ఏమి చెప్పవలెనని యామె ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము నిజముగా నాయనకే చెప్పవలసియున్నది. అందులకు మాకు విచారము లేదు. స్త్రీల పత్రికను భోజనానంతరము మగవారు చాటుగా చదువుట మే మెఱుగనిది కాదు.

అయ్యా, మీ ముచ్చట తప్పు కాదు. దానిని పిల్లవాని యాట యని మేము కొట్టివేయము. 1871లో పారిసు నగరపు టుయిలరీ తోటలో పెనో యనునతడు రబ్బరుతాడు మెలిపెట్టి వదలిన చిన్న విమానము సుమారు 11 సెకండ్లు గాలిలో నిలిచెను. ఆయన పద్ధతిని చేసిన యొక బొమ్మను 1878లో అమెరికాలో నొక తండ్రి తన కుమారుల కిచ్చెను. వెదురు, బెండు, కాగితము, రబ్బరు: అంతియే దాని సామగ్రి. ఆ పిల్లలు దానిని విఱుగగొట్టి, మరల తామే చేసికొనిరి. వారే రైటు సోదరులు. 1903లో వారి యంత్రము మనిషిని మోసికొని యెగిరెను. మీ యింట నట్టివారు పుట్టుదురని మేము చెప్పుట లేదు సుమా. ఆ వంకతో మరియొక పెట్టె కొనవద్దు.

తప్పు దాచుటలో నున్నది. దాచుటవలన మఱియొక ప్రమాదమును గలదు. ఇట్టి విమానములను నడపు లిథియం పాలిమరు బ్యాటరీ చిన్నదైనను లోకువ కట్టదగినది కాదు. ఉబ్బినదానిని చార్జి చేసినను, దెబ్బతినినదానిని వాడినను మండిపోవచ్చును. చార్జి పెట్టి నిద్రపోరాదు. ఎగురవేయని దినములలో నిండు చార్జితో గాక సగము చార్జితో, మంటకు లొంగని డబ్బాలో నుంచవలెను. ఆ సోదరి బిల్లు చూచి కలత చెందినది గాని, బ్యాటరీని ఎండుదూది పరుపుల నడుమ నుంచిన సంగతి చదివి మేము కలత చెందితిమి. ఇంటి యిల్లాలికి తెలియని చోట నిప్పు దాగియుండుట యే ముచ్చటకును తగదు.

ఇక డబ్బు మాట. విమానపు వెల యొక్కటే వెల కాదు. రిమోటు, చార్జరు ఒకసారి కొన్నచో చాలకాలము నిలుచును. విమానము మాత్రము చెట్టుకు తగిలిననాడు సగమగును. నేర్చుకొనువారి విమానము పడక తప్పదు. కావున ప్రొపెల్లర్లు, జిగురు, కొన్నాళ్లకు బలము తగ్గిపోవు బ్యాటరీలు, ఊరిబయటి మైదానమునకు బండి పెట్రోలు, ఇవి యన్నియు నెలనెలా పద్దులోనికి రావలసినవే. పెద్ద విమానమునకు పెద్ద బ్యాటరీ కావలెను. ఇప్పుడున్న చార్జరు దానికి సరిపోవునా? ఈ ప్రశ్నను ఆమె అడిగి చూడవలెను. జవాబు చెప్పుటకు ఆయన కొంచెము తడుముకొన్నచో, ఇంకను లెక్క వేయలేదని యర్థము. కంప్యూటరుపై నభ్యాసము చేయు సదుపాయ మున్నది. అందు నూఱుమాఱులు పడవేసినను చిల్లిగవ్వ నష్టము లేదు.

హైదరాబాదువారికి మఱియొక చిక్కు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాదు: నగరము చుట్టును విమానస్థలములే. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమములు నమూనా విమానములకును వర్తించును. 2 కిలోల లోపు బరువుగలదానిని వ్యాపారమునకు గాక వినోదమునకే నడుపువారికి పైలటు లైసెన్సు అక్కఱలేదు గాని, ఎక్కడ పడిన నక్కడ నెగురవేయ వీలులేదు. ప్రభుత్వపు పటములో పచ్చరంగు గల చోటున 400 అడుగుల యెత్తువఱకే స్వేచ్ఛ. మేడమీదనుండి యెగురవేయుదునను మగని మాట నమ్మవలదు.

ఇంత వ్రాసి యుత్తరమును మడువబోయి, ఆ సోదరి అటక యెందుల కెక్కెనో మరల చదివితిమి. వీణ కొఱకు. పెద్దపిల్ల పుట్టినది మొదలు పదునొకండేండ్లుగా నది గవిసెనలోనే యున్నదట. ఈ వాక్యము నామె కుండలీకరణములలో వ్రాసెను, ముఖ్యము కానిదానివలె.

1936లో సరళా థక్రాల్ చీరకట్టుతోనే లాహోరులో జిప్సీమాత్ విమానము నడపి లైసెన్సు పొందెను. అప్పటి కామె వయస్సు 21. నాలుగేండ్ల కూతురు గలదు. వైమానికుడగు భర్త యామెను ప్రోత్సహించెను. భార్య ముచ్చటకు భర్త సమ్మతించుట యపు డెంత యరుదో, నేడును మన యిండ్లలో నంత సులభము కాలేదు. పైగా మనలో పలువురు ఆ సమ్మతి నడుగనే అడుగరు. అడిగినవారికి కాదనుటయో ఔననుటయో మాత్రమే తమ పనియని కూర్చుందురు.

అందుచే మే మామెకు వేఱుగా నొక యుత్తరము వ్రాసితిమి. పెద్ద విమానమునకు ఔననవలదు, కాదనవలదు. ఆయనచేతనే ఒక కాగితముమీద ఈ యేడాది ఖర్చంతయు వ్రాయించుము. బిల్లులు దాచక పెట్టవలెను. ప్రక్కనే నీ పేర నొక వరుస గీయించుము. అందేమి వ్రాయవలెనో నీవే చెప్పుము. పిల్లల ఫీజులును, బియ్యమును నీ వరుసలో వ్రాయవద్దు.

మొన్న రెండవ యుత్తరము వచ్చినది. ఆయన కాగితము ముందు గంటసేపు కూర్చుండెనట. మొత్తము చూచి యాయనయే తెల్లబోయెనట. ఆమె వరుసలో మాత్రము చాలసేపు ఏమియు లేదు. చివర కామెయే "వీణకు మేళము కట్టించుట, తీగలు, వారమునకు రెండు పాఠములు" అని వ్రాసి, దానిని చూచి సిగ్గుపడితి నని మాకు తెలిపెను. ఎందులకు సిగ్గో మాకు తెలియలేదు, ఆమెకును తెలియదట.

బ్యాటరీలు అటక దిగినవి. విఱిగిన రెక్కను అంటించి, ఆదివార ముదయమున నందఱు నూరిబయటకు వెళ్లిరి. ఆమె రెండు నిమిషములు రిమోటు పట్టుకొని విమానమును తుమ్మపొదలో దింపెనట. ఆయన నోరు మెదపలేదు. పెద్దపిల్ల మాత్రము ముల్లు గ్రుచ్చుకొనుచున్నను పొదలోనికి దూఱి దానిని తెచ్చెను.

పెద్ద విమానపు సంగతి యింకను తేలలేదు. వీణ మరమ్మతునుండి యింటికి వచ్చువఱకు దాని మాట యెత్తరాదని యామె షరతు.